పెరటి చెట్టు - పాత పేరు

నెల్లూరికి దక్షిణముగా, చెన్నపట్నమునకు ఉత్తరముగా, స్వర్ణముఖీనది ఒడ్డున నాయుడుపేట ఉన్నది. నెల్లూరు జిల్లాలో ఉండిన ఈ ఊరు 2022లో తిరుపతి జిల్లాలో చేరినది గాని, మాటతీరులోను, మడిచెక్కలలోను, ఉక్కపోతలోను అది నెల్లూరి సీమదే. పడమట వేంకటగిరి మెట్టలు, తూర్పున పులికాటు ఉప్పునీరు, నడుమ వరిమళ్ళు. ఇట్టి నేలపై ఎండకాలమున ఒంటి చెమట ఆరదు. నాట్లకాలమున కాలి తడి ఆరదు. చెమటయు, తడియు, ఉప్పుగాలియు కలిసినచోట చర్మవ్యాధులకు కొదువ ఉండదు. ఆ వ్యాధులకు పల్లెజనము పెట్టుకొన్న పేర్లకును కొదువ లేదు.

గజ్జి, చిడుము, తామర, శోభి, బొల్లి, మంగు, సర్పి, దద్దురు, పులిపిరి, ఆనె, సెగగడ్డ, రాచకురుపు, గోరుచుట్టు, పేనుకొరుకుడు, చెమటకాయ, చుండ్రు. ఈ పదహారు మాటలలో ఒక్కటియు వైద్యకళాశాలలో పుట్టినది కాదు. 1852లో బ్రౌనుదొర నిఘంటువు అచ్చయిన నాటికే గజ్జి, చిడుము, తామర వంటివి భాషలో వేళ్ళు తన్నుకొని ఉన్నవి. నేటి విద్యార్థి వీనిలో పెక్కింటిని ఎరుగడు. ఒంటిపై ఏది కనిపించినను ‘స్కిన్ అలర్జీ’ అని ఊరకుంటాడు. పదహారు పేర్లు పోయి ఒక పేరు మిగిలినపుడు పోయినవి మాటలు మాత్రమేనా, వానితోపాటు చూపు కూడ పోయినదా అన్నది ఆలోచింపదగిన విషయము.

కొంచెము పరిశీలించినచో ఈ పేర్లు మూడు తెగలుగా విడిపోతవి. కంటికి కనిపించిన రూపమును చెప్పునవి కొన్ని. కారణమిదియని ఊహించి చెప్పునవి కొన్ని. భయముచేత అసలు మాట దాచి, దానికి బదులుగా పెట్టినవి కొన్ని. మొదటి తెగ పేర్లు అరుదుగా తప్పు చెప్పును. రెండవ తెగలో ఒప్పును తప్పును కలిసి ఉన్నవి. మూడవ తెగలో భక్తియు ఉన్నది, క్రౌర్యమును ఉన్నది. ఏ పేరు ఏ తెగదో తెలిసికొనుట భాషావిద్యార్థికి మాత్రమే గాక, పిల్లల నడుమ మెలగు ఉపాధ్యాయునికి కూడ అవసరము.

కన్ను చూచిన పేరు

తామర అనగానే పద్యము చదివినవానికి కొలను గుర్తు వచ్చును. పొలమున పనిచేసినవానికి దురద గుర్తు వచ్చును. ఒకే మాట రెండింటికి ఎట్లు చెల్లినది? ఈ వ్యాధి చిన్న పొక్కుగా మొదలై గుండ్రముగా విస్తరిస్తుంది. అంచు ఎఱ్ఱగా ఉబ్బి ముందుకు సాగుచుండగా నడిమి భాగము మానుచు వస్తుంది. నీటిపై తామరాకు పరచుకొన్నట్లు అది ఒంటిపై పరచుకొంటుంది. తమిళులు దీనిని ‘పడర్‌తామరై’, అనగా పరచుకొను తామర అని పిలుచుట ఈ ఊహకు బలమిస్తున్నది. ఎడతెగక వృద్ధిపొందు దానిని ‘తామరతంపర’ అనుట తెలుగున ఉన్నదే. కన్నడ, మరాఠీ సీమలవారు ఇదే వ్యాధిని గజకర్ణమన్నారు. వారి కంటికి ఏనుగు చెవి కనిపించినది. ఇంగ్లీషువారు ‘రింగ్‌వర్మ్’ అన్నారు. రింగు, అనగా ఉంగరపు చుట్టు, నిజమే గాని, అందులో వర్మ్, అనగా పురుగు, లేదు. దీనికి మూలము బూజు జాతికి చెందిన శిలీంధ్రమని 1840 దశకమున డేవిడ్ గ్రూబీ మొదలగు యూరపు పరిశోధకులు తేల్చినారు. పురుగును ఊహింపక, చూచిన చుట్టును మాత్రమే చెప్పిన తెలుగు పేరు ఆ పరిశోధన తరువాత కూడ దిద్దుకొనవలసిన పని లేకుండ నిలిచినది.

సంస్కృతమున తామరను దద్రువు అంటారు. ఇంగ్లీషున చర్మవ్యాధికి ‘టెటర్’ అను పాతమాట ఒకటి ఉన్నది. ఈ రెండును ఒకే మూలమునుండి వచ్చిన జ్ఞాతిపదములని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఇండో యూరపు భాషలు విడిపోకముందే ఈ దురద మనుష్యునకు తోడుగా ఉన్నదన్నమాట. తెలుగు దద్దురునకు దద్రువుతో ధ్వనిసామ్యమున్నను నేటి వాడుకలో అవి వేరువేరు వ్యాధులు. దద్దురు క్షణములలో లేచి గంటలలో అణగిపోవు వాపు. తామర వారములు, నెలలు పాకునది.

సర్పి మాట మరింత విచిత్రమైనది. నడుముకో, ప్రక్కటెముకల మీదనో నీటిపొక్కులు బారుగా లేచి, నిప్పు అంటించినట్లు మండుచు, పాము పాకినట్లు సాగుతవి. సంస్కృతమున ‘సృప్’ ధాతువునకు ప్రాకుట అని అర్థము. సర్పము, విసర్పము దానినుండి వచ్చినవే. యూరపు వైద్యులు ఇట్టి వ్యాధికి పెట్టిన ‘హెర్పిస్’ అను గ్రీకు పేరునకు కూడ ప్రాకునదనియే అర్థము. అదియు ఆ ధాతువునకు జ్ఞాతియే. నెల్లూరి పల్లెవాడును, ఏథెన్సు వైద్యుడును ఒకరినొకరు ఎరుగకయే ఒకే పామును చూచినారు. అయితే ఆ పోలికను జనము కొంత దూరము లాగినారు. పాము తల, తోక కలిసి నడుము చుట్టివచ్చినచో మనిషి దక్కడని నమ్మినారు. నిజమునకు ఈ వ్యాధి ఒక నరము పోవు దారినే పట్టుకొని ఒంటికి ఒకే ప్రక్కన నిలుచును. చుట్టివచ్చుట దాదాపు జరుగదు. బాల్యమున ఆటలమ్మ పోసిన తరువాత ఆ క్రిమి నరముల మొదళ్ళలో దాగి, ముదిమిలోనో, బలము తగ్గినపుడో మరల లేచి సర్పియగునని నేటి వైద్యము చెప్పుచున్నది. తమిళదేశమున దీనిని ‘అక్కి’ అంటారు. కుమ్మరిచేత ఎఱ్ఱమన్నుతో పొక్కులపై సింహపు బొమ్మ వ్రాయించు ఆచారము అక్కడ ఉన్నది. మన్ను చల్లదనమునకు మంట కొంత తగ్గవచ్చును. వ్యాధి మాత్రము తన గడువు తీరిన పిదపనే పోవును. కంటి దగ్గర సర్పి లేచినచో చూపునకే ముప్పు గనుక బొమ్మకై వేచియుండక వైద్యుని చూడవలెను.

శోభి అను పేరులో శోభ అను మాట వినిపిస్తుంది. మెడమీద, రొమ్ముమీద తెల్లగానో, గోధుమవన్నెగానో మచ్చలు లేచును. నొప్పి ఉండదు. వైద్యశాస్త్రమున దీనికి సరివచ్చునది సిధ్మము. చరకుడు దాని వన్నెను సొరపూవుతో పోల్చి, రుద్దినచో పొడి రాలుననినాడు. గోటితో గీచి పొడి రాలుటను గమనించుట నేటి చర్మవైద్యులకు కూడ ఒక గుర్తు. చిన్నదిగా కనిపించు ఈ గుర్తుతో తరువాత పెద్ద పని ఉన్నది.

కారణము ఊహించిన పేరు

చెమటకాయ అను పేరు నూటికి నూరుపాళ్ళు నిజము. చెమట వెలువడు సన్నని దారులు పూడుకొని పొక్కులు లేచును. ఈ తీరమున వేసవిలో తాటిముంజెల నీటిని పిల్లల వీపున రాయుదురు, గంధము పూయుదురు. చల్లబరచుటయే దీనికి చికిత్స గనుక పేరును మందును పొసగినవి.

సెగగడ్డ అను పేరు సగము నిజము. సెగ అనగా వేడి. ‘ఒంటికి వేడిచేసినది’ అను తెలుగువారి మాటకు ఈ గడ్డయే ప్రథమసాక్షి. గడ్డ ముట్టుకొన్న వేడిగా ఉండుట నిజమే. ఆ వేడి మామిడిపండు తినుటవలన గాక, వెండ్రుక మొదట క్రిమి చేరుటవలన పుట్టినది. కాని పూర్వులు కట్టిన వెచ్చని పసుపుపట్టు పనికిమాలినది కాదు. వెచ్చని కాపడము గడ్డను త్వరగా పక్వము చేయును. ఊహ తప్పినను చేయి తప్పలేదు.

వీపున పలు నోళ్ళతో లేచు రాచకురుపును గూర్చి పూర్వులు ఎంతయు భయపడినారు. ‘రాచ’ అనగా ఇక్కడ పెద్దది. మధుమేహము కలవారికి ఇట్టి కురుపులు లేచునని చరక సుశ్రుతులు ప్రమేహపిడకల పేర వేరుగా చెప్పినారు. చరకుడు 7 విధములన్నాడు, సుశ్రుతుడు 10 అన్నాడు. నేడు కూడ మానని కురుపుతో వచ్చినవానికి వైద్యుడు మొదట రక్తములో చక్కెర చూచును.

పేనుకొరుకుడు మాత్రము పూర్తిగా తప్పిన పేరు. తలలో నాణెమంత మేర వెండ్రుకలు ఊడి నున్నబడిన చోటును చూచి, పేను కొరికినదన్నారు. పేనునకు ఆ పాపము లేదు. దేహరక్షణకై ఉన్న బలమే దారితప్పి వెండ్రుకల మొదళ్ళపై తిరుగబడుట దీనికి కారణము. సంస్కృతమున ఇంద్రలుప్తము అన్నారు. అచ్చట నింద ఇంద్రునిపై పడినది. ఇక గోరుచుట్టు కారణము చెప్పదు, బాధను మాత్రము చెప్పును. నిమ్మకాయకు తొలిచి వేలికి తొడుగుట ఊరూర ఎరిగిన చిట్కా. ఆ బాధ ఎంతటిదో ‘గోరుచుట్టుపై రోకటిపోటు’ అను సామెత ఎరుగనివారికి కూడ తెలుపుచున్నది.

గజ్జి కథ వేరు. కన్నడమున దీనిని కజ్జి అంటారు. రాత్రివేళ పెరుగు దురద, వేళ్ళ సందులలో సన్నని పొక్కులు, ఒకరి తరువాత ఒకరుగా ఇంటిల్లిపాది గోకుకొనుట: ఈ మూడు గుర్తులు చూచి పల్లెటూరి ముసలమ్మ గజ్జియని తేల్చివేయును. పండితవైద్యము చాలకాలము దీనిని రక్తదోషమనియే తలచినది. తెలుగు వాడుకలోను ‘చెడురక్తము’ అను మాట నిలిచినది. 1687లో ఇటలీ దేశపు బొనోమో, చెస్తోని అను ఇరువురు సూక్ష్మదర్శినితో చర్మములోని పురుగును చూచి బొమ్మతో సహా ప్రకటించినను పెద్దలు నమ్మలేదు. 1834లో రెనూచ్చీ అను కార్సికా ద్వీపపు విద్యార్థి పారిసు నగరమున వైద్యుల యెదుట సూదిమొనతో ఆ పురుగును పైకి తీసి చూపినాడు. అతనికి ఆ విద్య వచ్చినది గ్రంథములవలన కాదు. తన ద్వీపమున పల్లెపడుచులు పిల్లల చేతులనుండి సూదితో గజ్జిపురుగును తీయుచుండగా చూచి నేర్చినాడు. పల్లె కన్ను చూచినదానిని నమ్ముటకు నగరమునకు నూటనలువదియేండ్లకు పైగా పట్టినది.

భయము పెట్టిన పేరు

మశూచికమును తెలుగువారు ఆ పేరుతో పిలువలేదు. అమ్మవారు పోసినదన్నారు. చిన్నదానిని ఆటలమ్మ అన్నారు. అమంగళమును మంగళముగా చెప్పుటను భాషాశాస్త్రమున మృదూక్తి అంటారు. దీపము ఆరినదనుటకు కొండెక్కినదనుట వంటిది. రోగము పేరెత్తిన అది వచ్చునను భయము ఇందుకు మూలము. తెలుగునాట పోలేరమ్మ మశూచికపు దేవతగా కొలువబడినది. వేంకటగిరిలో ఆమె జాతర నేటికిని వైభవముగా జరుగుచున్నది. గుమ్మమునకు వేపమండ కట్టుట భక్తిచేతనే గాని, అది పొరుగువారికి హెచ్చరిక కూడ అయినది: ఈ యింట రోగమున్నది, లోనికి రావలదని. ఆ రోగమును జయించినది వేపయు కాదు, బలియు కాదు, టీకా. భారతదేశమున చివరి మశూచికము 1975లో కనిపించినది. లోకమునుండి అది తొలగినదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 1980లో ప్రకటించినది. రోగము పోయినను అమ్మవారు మిగిలినది. ఆ పేరు ఎవరికిని కీడు చేయలేదు.

కీడు చేసిన పేరు వేరే ఉన్నది. అది పెద్దరోగము, మహారోగమనియు, కుష్ఠు అనియు అంటారు. ఇచ్చట భాషావిద్యార్థి ఆగి చూడవలసిన విషయమొకటి ఉన్నది. ఆయుర్వేదమున కుష్ఠము ఒక్క రోగము కాదు. మహాకుష్ఠములు 7, క్షుద్రకుష్ఠములు 11, వెరసి 18. తామర, సిధ్మము, పామ, విచర్చిక, కాళ్ళ పగుళ్ళకు చెల్లు విపాదిక: ఇవన్నియు ఆ లెక్కలోనివే. వీనిలో ఏది గొప్ప, ఏది కొద్ది అనుటలో కూడ ఆచార్యులకు ఏకాభిప్రాయము లేదు. చరకుడు దద్రువును క్షుద్రములలోను, సిధ్మమును మహాకుష్ఠములలోను చేర్చగా, సుశ్రుతుడు వానిని తారుమారు చేసినాడు. ఇంత విశాలమైన మాట తెలుగు వాడుకలో కుంచించుకొని ఒక్క వ్యాధికే మిగిలినది. దీనినే అర్థసంకోచమంటారు. సాధారణముగా అర్థసంకోచము పాఠ్యపుస్తకమున ఒక ఉదాహరణము. ఇచ్చట అది మనుష్యుల బ్రతుకు. ఏ మచ్చ వచ్చినను కుష్ఠమేమోయని భయము, కుష్ఠమన్న ఏ మందును లేదని నిరాశ, రెండును ఆ మాటనుండియే పుట్టినవి.

ఈ వ్యాధికి మూలమైన క్రిమిని నార్వే వైద్యుడు హాన్‌సెన్ 1873లో కనుగొన్నాడు. అయినను 1898లో వచ్చిన చట్టము రోగులను ఆశ్రమములలో నిర్బంధించుటకు అధికారమిచ్చినది. ఆ చట్టము రద్దగుటకు 2016 వరకు పట్టినది. భార్యకో, భర్తకో ఈ వ్యాధి ఉన్నదని విడాకులు కోరు హక్కును పార్లమెంటు 2019లో తొలగించినది. మందు కనుగొనబడి దశాబ్దములు గడచిన తరువాత కూడ చట్టము వెనుకబడియుండుటకు కారణము పేరులోని భయమే.

పెరటి మందు

పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదని సామెత. ఎరిగినదానిపై మనుష్యునకు గౌరవముండదని దాని భావము. నాయుడుపేట చుట్టుప్రక్కల గట్లవెంట, దారిప్రక్కల మొలచు చెట్లను చూచినచో సామెత చెట్టును గాక మనుష్యునే ఎత్తిపొడిచినదని తెలియును.

వానలు పడగానే బంజరునేల నిండ మొలచు తంటెపు మొక్కను తగిరిసయనియు అంటారు. సంస్కృతమున దాని పేర్లు రెండు: చక్రమర్దము, దద్రుఘ్నము. చక్రమును నలుపునది, దద్రువును చంపునది అని అర్థము. వ్యాధి రూపమును, మందు గుణమును మొక్క పేరులోనే మూటగట్టినారు. గింజలను పులిసిన మజ్జిగతో నూరి తామరకు పట్టించుట వాడుక. అమెరికా ఉష్ణసీమలనుండి వచ్చిన దాని బంధువు సీమఅవిసెను తెలుగున మెట్టతామర అనియు అంటారు. ఈ జాతి మొక్కలలో క్రైసోఫానిక్ ఆమ్లము మొదలగు పదార్థములున్నవని రసాయనశాస్త్రము చెప్పుచున్నది. అదే కుటుంబపు పదార్థము బ్రెజిలు దేశపు చెట్టుపొడిలో ఉన్నది. పోర్చుగీసువారి ద్వారా ఆ పొడి గోవాకు చేరి, తామరకు మందుగా ‘గోవాపొడి’ యని పేరు పొందినది. 1870 దశకమున ఇంగ్లండులో బాల్మానో స్క్వైర్ అను వైద్యుడు అది సోరియాసిస్‌కు కూడ పనిచేయుచున్నదని గమనించినాడు. దాని పోలికతో 1916లో జర్మనీలో తయారైన డిథ్రనాల్ అను మందు సోరియాసిస్‌కు చిరకాలము వాడుకలో నిలిచినది.

వేప, పసుపు, కానుగ ఈ మూడును గజ్జికి పెట్టని కోటలు. వేపాకును పసుపుతో నూరి గజ్జిరోగులకు పట్టించి చూచిన ఒక పరిశీలన 1992లో వెలువడినది. 814 మందిలో నూటికి 97 మందికి 3 మొదలు 15 దినములలో నయమైనట్లు అందులో ఉన్నది. పోల్చి చూచుటకు వేరొక జట్టు లేకుండ జరిగిన పని గనుక దానిని తుదితీర్పుగా గైకొనరాదు. అయినను తోసిపుచ్చదగినదియు కాదు. కుప్పింటాకు రసమున ఉప్పు చేర్చి రుద్దుట, గంధకమును నూనెలో కలిపి పూయుట కూడ పాత పద్ధతులే. గంధకపు లేపనము నేటి వైద్యములోను పసిపిల్లలకు, గర్భిణులకు చెల్లుచున్నది. అయితే ఒక్కని ఒంటికి పూసి ఊరకున్న ఏ మందును గజ్జిని వదలింపదు. ఇంటిల్లిపాదియు ఒకే దినమున మందు పట్టించుకొని, బట్టలు వేడినీట ఉతికి ఎండవేయవలెను.

ఆషాఢమున ఆడపిల్లలు గోరింటాకు పెట్టుకొనుట అందమునకని అందరు ఎరుగుదురు. నాట్లువేయు స్త్రీలు కాలివేళ్ళ సందులలో ఆ ఆకును పెట్టుకొనుట అందమునకు కాదు. బురదలో నానిన వేళ్ళ సందులు పాచిపోయి పుండగును. గోరింటాకునకు ఎఱుపునిచ్చు పదార్థమునకు శిలీంధ్రములను అణచు గుణమున్నదని ప్రయోగశాలలలో రుజువైనది. ఆషాఢమునకును గోరింటకును పంచాంగము వేసిన ముడిలో వరిమడి కూడ ఉన్నది.

బొల్లికి బావంచాలు వాడుట మిక్కిలి పురాతనము. తెల్లమచ్చలను పోగొట్టుమని ఓషధులను ప్రార్థించు సూక్తములు అథర్వవేదము మొదటి కాండముననే ఉన్నవి. బావంచాల గింజలనుండి సొరాలెన్ అను పదార్థమును 1933లో మైసూరు సీమ రసాయనజ్ఞులు వేరుచేసినారు. ఈజిప్టులో మరియొక మొక్కనుండి తీసిన ఇట్టి పదార్థమును ఎండతో జోడించి బొల్లికి వాడవచ్చునని ఎల్ మోఫ్తీ 1948లో ప్రకటించినాడు. మందు వేసి ఎండలో నిలుపుమను పాతవైద్యుని మాటకు కారణము అప్పుడు తేటపడినది: ఈ పదార్థము వెలుగు తగిలినపుడే పనిచేయును. మోతాదు తెలియక వాడినచో బొబ్బలెత్తించునదియు అదియే.

పెరటిది గనుక హాని చేయదను నమ్మకము తప్పు. దీనికి నల్లజీడి సాక్షి. చాకలివారు బట్టలకు గుర్తు పెట్టుటకు దాని రసమును వాడెడివారు. రెండవ ప్రపంచయుద్ధకాలమున భారతదేశమునకు వచ్చిన అమెరికను సైనికులకు మెడపై పొక్కులు లేచి, కారణము తెలియక వైద్యులు తికమకపడినారు. చొక్కాపట్టీపై ఉన్న ఆ గుర్తే కారణమని 1943లో తేలినది. జిల్లేడుపాలును అంతే, పులిపిరిపై వేయుదురు గాని కంటిలో చుక్కపడిన చూపునకు ముప్పు.

చూపించినవారి పేరు

ఈ మొక్కలను తొలుత గుర్తించినదెవరు? చరకసుశ్రుతుల సంహితలు ఉన్నవి. తెలుగునాట పుట్టిన బసవరాజీయము, వైద్యచింతామణి ఉన్నవి. కాని గ్రంథమునకు మొక్క చేరుటకు ముందు అడవిలో ఎవరో దానిని త్రుంచి చేతికి ఇచ్చియుండవలెను. నాయుడుపేటకు ఆగ్నేయమున, పులికాటునకును సముద్రమునకును నడుమనున్న శ్రీహరికోట అడవులు యానాదుల నివాసము. అడవి సరకులు సేకరించి సర్కారునకు ఒప్పగించి తిండిగింజలు పొందిన వారి జీవనమును 1909లో వెలువడిన ఎడ్గార్ థర్‌స్టన్ గ్రంథము విస్తారముగా వర్ణించినది. వేరును, ఆకును, పాముకాటు మందును ఎరిగినవారని యానాదులకు ఈ సీమలో పేరు. 1969లో ఆ దీవి రాకెట్టు కేంద్రమునకు ఎన్నికైనది. 1971లో అచ్చటినుండి తొలి రాకెట్టు ఎగిరినది. దీవిలోని కుటుంబములు తరలినవి. దేశము ఆకాశమునకు ఎగసిన చోటనే, నేలపై మొలచినదానిని ఎరిగినవారి బ్రతుకు చెదరినది.

కార్సికా పల్లెపడుచుల పేర్లు వైద్యచరిత్రలో లేవు; రెనూచ్చీ పేరు ఉన్నది. మూలిక చూపిన యానాది పేరు నిఘంటువులో లేదు. మూలిక పేరు ఉన్నది. ఒక పాతమాటను విద్యార్థి తన అవ్వనడిగి వ్రాసికొనునపుడు, ఆ మాటతోపాటు ఎవరు చెప్పినారో, ఏ ఊరిలో చెప్పినారో కూడ వ్రాసికొనుట న్యాయము. అట్లు చేసినచో అది భాషాసేవయు అగును, ఋణము తీర్చుటయు అగును.

బడిలో ఈ పేర్లతో పని

ఇంత చరిత్ర ఎందులకని అడుగవచ్చును. పేరు పోయినచోట నేడు ఏమి జరుగుచున్నదో చూచినచో జవాబు దొరుకును. తామరయని గుర్తింపక, దురదకు పనిచేయునని స్టెరాయిడు కలిసిన లేపనమును మందులకొట్టులో అడిగి కొనుట దేశమంతట అలవాటైనది. దురద నాలుగు దినములలో అణగును. శిలీంధ్రము లోలోపల బలియును. చుట్టు చెరగి, గుర్తుపట్టరాని రూపము దాల్చును. వైద్యుని చీటి లేకుండ ఇట్టి లేపనములు అమ్మరాదని ప్రభుత్వము 2018లో కట్టడి చేసినది. భారతదేశమున వ్యాపించి, వాడుక మందులకు లొంగని తామర శిలీంధ్రమొకదానికి శాస్త్రజ్ఞులు 2020లో ఈ దేశము పేరు కలిసివచ్చునట్లు ‘ఇండోటినియే’ అని నామకరణము చేసినారు. వెనుకటి ముసలమ్మకు మందు తెలియకపోవచ్చును; అది తామరయని మాత్రము తెలియును. ఆ మాత్రము తెలిసియున్న, వైద్యునియొద్దకు పోయి ‘తామర’ అని చెప్పగలవాడు సగము చికిత్స పొందినవాడే.

గజ్జి విషయమున బడి చేయు తప్పు వేరు. గజ్జి పట్టిన బాలుని చివరి బల్లపై కూర్చుండబెట్టి, ఆ మాటనే తిట్టుగా మార్చి పిలుచుట కద్దు. అది మురికివలన పుట్టినది కాదు. ఇరుకింటిలో ఒకరినొకరు ఆనుకొని నిద్రించుటవలన సోకునది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2017లో దీనిని నిర్లక్ష్యమునకు గురియైన ఉష్ణసీమ వ్యాధులలో చేర్చినది. బాలుని ఇంటివారందరికి ఒకేమారు మందు ఇప్పించిన ఉపాధ్యాయుడు తరగతినంతటిని కాపాడినవాడగును.

అన్నింటికంటె ముఖ్యమైనది పాలిపోయిన మచ్చ. శోభియైనచో గీచిన పొడి రాలును, స్పర్శ ఉండును. బొల్లియైనచో పాలవలె తెల్లనగును, స్పర్శ ఉండును. పొడి రాలక, దురద లేక, దూది తాకించినను తెలియని మచ్చయైనచో అది పూర్వులు పెద్దరోగమన్న వ్యాధికి తొలిగుర్తు కావచ్చును. సుశ్రుతుడు తువరకమని చెప్పిన చెట్టు గింజల నూనెయే ఒకనాడు దీనికి దిక్కు. అటువంటి చాల్‌ముగ్రా నూనెను 1854లో కలకత్తా వైద్యుడు మౌఅట్ పాశ్చాత్యులకు పరిచయము చేసినాడు. 1940 దశకమున చెంగల్పట్టు ఆశ్రమమున రాబర్ట్ కాక్రేన్ మొదలగువారు డాప్సోన్‌ను వాడి చూచినప్పటినుండి ఈ వ్యాధి కుదురునదను నమ్మకము కలిగినది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 1981లో సూచించిన బహుళ ఔషధ చికిత్సతో, వ్యాధి తీవ్రతను బట్టి, 6 నెలలలోనో, 12 నెలలలోనో అది పూర్తిగా నయమగును. మందులు ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో ఉచితముగా ఇస్తారు. 2005లో దేశము దీనిని ప్రజారోగ్య సమస్య స్థాయినుండి దింపగలిగినది. అయినను లోకమున ఏటేట కొత్తగా బయటపడు రోగులలో సగమునకు పైగా భారతదేశమువారే. ఆలస్యము చేసిన వ్రేళ్ళు వంగును, పాదమున పుండ్లు పడును. తొలినాట చూచిన ఏ గుర్తును మిగులకుండ మానిపోవును.

అందుచేత ఉపాధ్యాయుడు చేయవలసినది స్వల్పము. పిల్లవాని ఒంటిపై మచ్చ కనిపించినపుడు కన్ను చూచిన పేరే చెప్పవలెను: మచ్చ అని. భయము పెట్టిన పేరును నోట రానీయరాదు. మాట చాటుగా తల్లిదండ్రులతో చెప్పి, పిల్లవానిని ఆరోగ్యకేంద్రమునకు పంపి, మరునాడు యథాప్రకారము వాని చోటనే కూర్చుండబెట్టవలెను.